విల్గా క్రీక్ గేటు మూసిన వారం

బౌల్డర్ ఊళ్ళో బర్ట్ వీధి మలుపు దగ్గర థెల్మా ట్రెలోర్ పాస్టీల కొట్టు నడిపేది. మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ కూరి, అంచు మడిచి కాల్చిన పాస్టీలను గనిలోకి దిగేవాళ్ళు తెల్లవారుతూనే పట్టుకుపోయేవారు. ఆమె భర్త లెన్ కూడా ఒకప్పుడు అలా పట్టుకుపోయినవాడే. రాతిదుమ్ము ఊపిరితిత్తులకు పట్టి అతను పోయాక ఆమెకు మిగిలినవి ఆ కొట్టు, ఒక పాత వ్యాను, విల్గా క్రీక్ నికెల్ అనే కంపెనీలో కొన్ని షేర్లు. వాటిని లెన్ డబ్బు పెట్టి కొనలేదు. స్నేహితుడితో కలిసి మేకులు పాతి హద్దు వేసుకున్న ఎర్రనేలను కంపెనీ తీసుకుని, బదులుగా అవి ఇచ్చింది. చాలాకాలం వాటి మొహం ఎవరూ చూడలేదు.

తర్వాత నికెల్ పిచ్చి మొదలైంది. ఎక్కడో కెనడాలో గని కార్మికులు సమ్మె చేశారని లండన్‌లో నికెల్ ధర పెరిగింది. పడమటి ఆస్ట్రేలియా అంతా డ్రిల్లులు దిగాయి. థెల్మా కొట్టుకు ఎదురుగా షేర్ బ్రోకర్ హాలెట్ ఆఫీసు ఉంది. పెర్త్ నుంచి ఫోను వచ్చినప్పుడల్లా అతని గుమాస్తా బయటికొచ్చి నల్లబల్ల మీద సుద్దతో కొత్త రేటు రాసేవాడు. ఆ బల్ల ముందు మంగలి, నర్సు, పాల వ్యాపారి, పాదిరీ అంతా నిలబడేవారు. లెన్ తమ్ముడు నెవిల్ అయితే సరకు మోసే తన లారీని అడ్డంగా ఆపేసి మరీ నిలబడేవాడు.

ఒక మధ్యాహ్నం హాలెట్ పాస్టీ తినడానికి వచ్చినప్పుడు థెల్మా అడిగేసింది.

"నిన్న పొద్దున రెండు డాలర్లు, సాయంత్రానికి మూడు, ఇవాళ మళ్ళీ రెండు. రాత్రికి రాత్రి భూమిలో నికెల్ పెరిగి తరిగిపోయిందా హాలెట్ గారూ?"

"భూమిలో ఏమీ కదల్లేదమ్మా" అన్నాడు హాలెట్, మీసాలకంటిన పొడి దులుపుకుంటూ. "పాత బంగారు గని ఉందనుకో. నెలనెలా ఇంత తవ్వుతుంది, ఇంత అమ్ముతుంది. దాని షేరు ఎంత ఊగినా ఆ రాబడి దగ్గర ఆనుకుంటుంది. మీ విల్గా క్రీక్ దేన్ని ఆనుకోవాలి చెప్పు? ఒక డ్రిల్లు, ఒక బొరియ, నాలుగు గుడారాలు. ఇంతవరకూ ఒక్క బండెడు రాయి అమ్మలేదు. ఆ బొరియలో ఏముందో ఎవడికి తోచింది వాడు అనుకుంటున్నాడు."

"అనుకుంటే రేటు మారిపోతుందా?"

"మారుతుంది. పైగా షేర్లు చాలావరకు డైరెక్టర్లే బిగబట్టుకు కూర్చున్నారు. బజారులో తిరిగేవి కొద్ది. ఒకడు ఆత్రపడి కొన్నాడా, ఎగురుతుంది. ఒకడు బెదిరి అమ్మాడా, పడుతుంది. మధ్యలో లండన్ నికెల్ ధర ఒక తోపు తోస్తుంది. అంతే సంగతి."

థెల్మాకు అది సగం అర్థమైంది. మిగతా సగం ఆ తర్వాతి మంగళవారం అర్థం కావడం మొదలైంది.

మంగళవారాల్లో ఆమె విల్గా క్రీక్ శిబిరానికి రొట్టె, పాస్టీలు తీసుకెళ్ళేది. ఆ రోజు వెళ్ళేసరికి డ్రిల్లు ఆగిపోయి ఉంది. ఉక్కుతాడు తెగి, పైనుంచి జారిన గొట్టాలు స్టీపే అనే డ్రిల్లరు కాలి మీద పడ్డాయి. స్టీపే సముద్రం అవతల దల్మేషియా నుంచి వచ్చినవాడు, మంచి బలిష్ఠుడు. నేల మీద పడుకుని పళ్ళు బిగించి తన భాషలో ఎవరినో తిడుతున్నాడు. శిబిరంలో ఉన్న ఒక్క జీపూ పాడై పడి ఉంది. రొట్టె పళ్ళేలు కిందకు దించేసి, దుప్పట్లు పరిచి, నలుగురూ అతన్ని థెల్మా వ్యానులోకి ఎక్కించారు. ఆమె ఆ గతుకుల దారిలో కల్గూర్లీ ఆసుపత్రి దాకా నడిపింది. వెనకనుంచి మూలుగు వినిపించినంతసేపూ ఆమెకు ధైర్యంగా ఉంది. అది ఆగినప్పుడల్లా "స్టీపే, పలకవయ్యా" అని కేక వేసేది. అతని కాలు మోకాలి కింద తీసేశారు.

గనుల ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా ఎవరూ లోపలికి రాకూడదని శిబిరం మేనేజరు గేటుకు తాళం వేసి, ఒక మనిషిని కాపలా పెట్టాడు. కంపెనీ నోరు మెదపలేదు.

గేటు మూశారన్న సంగతి గురువారానికల్లా బౌల్డర్‌కు చేరింది. ఎందుకు మూశారన్నది చేరలేదు. పొద్దున మూడు డాలర్లున్న షేరు మధ్యాహ్నానికి ఆరయింది. నెవిల్ పరుగున కొట్టులోకి వచ్చాడు.

"వదినా! తగిలింది! నికెల్ తగిలింది! గేటుకు తాళం, తుపాకీతో కాపలా. ఊరికే పెడతారా?"

"తుపాకీ లేదు, మట్టీ లేదు. స్టీపే కాలు నలిగితే ఇన్‌స్పెక్టరు కోసం ఆపారు. నేనే కదా ఆసుపత్రికి తీసుకెళ్ళింది."

"అలా చెప్పమన్నారా నిన్ను?"

"నాకెవరు చెబుతారయ్యా? నా వ్యానులో నెత్తురు ఇంకా కడుక్కోలేదు, వెళ్ళి చూసుకో."

"నువ్వు మా అన్న పెళ్ళానివి, నాతోనా ఈ నాటకాలు?" అని నవ్వేశాడు నెవిల్. "నేను లారీ తాకట్టు పెట్టేశా. ఇంకా కొంటున్నా."

థెల్మా ఏప్రన్ విప్పకుండానే రోడ్డు దాటి బల్ల ముందుకు వెళ్ళింది. అందరూ వినేలా జరిగింది చెప్పింది. తాడు తెగడం, కాలు పోవడం, ఇన్‌స్పెక్టరు రావలసి ఉండటం, బొరియ సగంలో ఆగిపోవడం. జనం శ్రద్ధగానే విన్నారు. ఆమె ముగించాక మంగలి కన్ను గీటాడు.

"ట్రెలోరమ్మకి ఇంకా కొన్ని కావాలర్రా! చవగ్గా పట్టేద్దామని చూస్తోంది!"

ఫెళ్ళున నవ్వారు. నర్సు అక్కడే ఉంది, కానీ ఆమె పనిచేసేది ప్రసూతి వార్డులో. కాళ్ళ సంగతి తనకు తెలియదంది. సాయంత్రానికి షేరు ఎనిమిదయింది. తన మాట వల్లే ఆ రెండు డాలర్లూ పెరిగాయని థెల్మాకు తెలుసు. ఆమెకు కోపం రాలేదు, కొంచెం భయం వేసింది.

శుక్రవారం ఆమె స్టీపేను చూడటానికి వెళ్ళింది. మొహం పాలిపోయి ఉన్నా అతని కళ్ళు మెరుస్తున్నాయి.

"అమ్మా, రేటు ఎంత?"

"పదికి దగ్గర. నీకెందుకయ్యా?"

"జీతంలో సగం షేర్లే ఇచ్చారు నాకు. నా కాలు సంగతి ఊళ్ళో చెప్పావట? చెప్పకమ్మా, నీకు దణ్ణం పెడతా. నమ్మారంటే పడిపోతుంది."

"నమ్మలేదులే."

"దేవుడున్నాడు" అన్నాడు స్టీపే తృప్తిగా. కాసేపు కిటికీకేసి చూసి, గొంతు తగ్గించాడు. "ఒంటికాలితో నన్నెవడు డ్రిల్లు దగ్గరికి రానిస్తాడు? నావి అమ్మిపెట్టు. ఈరోజే."

సంతకం పెట్టించుకుని ఆమె తిన్నగా హాలెట్ దగ్గరికి వచ్చింది. స్టీపే షేర్లన్నీ, తనవి సగం అమ్మమంది. ఎవరు కొంటారని అడిగింది.

"పెర్త్‌లో, సిడ్నీలో, ఎవరైనా. ఈ వీధివాళ్ళు కూడా కావచ్చు" అన్నాడు హాలెట్. "నువ్వు నిజం వాళ్ళ మొహానే చెప్పావు కదమ్మా, ఇంకేం చేస్తావు?"

ఆ మాట ఆమెకు సరిపోయినట్టే ఉంది, సరిపోనట్టూ ఉంది. అయినా అమ్మింది.

హాలెట్ నోరు జారే మనిషి కాడు. గుమాస్తా జారాడు. ట్రెలోరమ్మ అమ్మేసిందన్న మాట గంటలో వీధి చుట్టి వచ్చింది. నిన్న నోటితో చెబితే నవ్వినవాళ్ళకు ఇవాళ ఎవరూ ఏమీ చెప్పకుండానే కాలు, తాడు, ఇన్‌స్పెక్టరు అన్నీ నిజమని తోచాయి. అందరూ ఒక్కసారే అమ్మబోయారు, కొనేవాడు లేడు. సోమవారం సాయంత్రానికి రేటు డాలరున్నరకు దిగింది. నెవిల్ ఆ రేటుకే అమ్మాడు. తాకట్టు పెట్టుకున్నవాడు మర్నాడే వచ్చి లారీ తోలుకుపోయాడు.

బుధవారం కంపెనీ మొదటిసారి నోరు విప్పింది. బొరియలో నికెల్ ఉంది గానీ పొర పలచన, ఇంకా తవ్వి చూడాలి అంది. షేరు మళ్ళీ నాలుగు డాలర్లకు లేచింది. ఆ వార్త మంచిదో చెడ్డదో హాలెట్ కూడా చెప్పలేకపోయాడు.

నెవిల్ ఆరోజు కొట్టుకు వచ్చి గల్లాపెట్టె దగ్గర నిలబడ్డాడు.

"అమ్ముతున్నానని నాకొక్క మాట చెప్పాల్సింది వదినా."

"దెబ్బ సంగతి ముందు నీకే చెప్పానుగా."

"అది చెప్పావు. అమ్ముతున్నానని చెప్పలేదు. అది చెబితే నమ్మేవాణ్ణి."

హాలెట్ ఆఫీసు నుంచి నెవిల్ ఇంటికి నాలుగు అడుగులు. ఆ శుక్రవారం అటు వెళ్ళాలన్న ఆలోచనే థెల్మాకు రాలేదు. స్టీపే అప్పగించిన పని అయిందనిపించి పొయ్యి దగ్గరికి వచ్చేసింది. ఆ సంగతే అతనికి చెప్పింది. నెవిల్ తల ఊపి, పాస్టీ తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ చలికాలమంతా ఆమెతో మాట్లాడలేదు. ఎదురుపడితే టోపీ మాత్రం తీసేవాడు.

స్టీపే ఫ్రీమాంటిల్ రేవుకు వెళ్ళి చేపల పడవలో వాటా కొన్నాడు. థెల్మా మిగిలిన సగాన్ని వేసవిలో, రేటు రెండు డాలర్ల దగ్గర అటూ ఇటూ కదలకుండా ఉన్న ఒక రోజున అమ్మేసింది. విల్గా క్రీక్‌లో గని ఎప్పటికీ తెరవలేదు. కెనడాలో సమ్మె ముగిసింది, లండన్ ధర చల్లబడింది, గుడారాలు ఎత్తేశారు.

మంగళవారపు బేరం పోయాక ఆమె కొత్తగా దక్షిణాన ఉన్న రైల్వే శిబిరాలకు సరఫరా పట్టింది. దూరం ఎక్కువ, ఆమెకు మోకాళ్ళ నొప్పి. వ్యాను నడిపే మనిషి కావాలని కిటికీలో చీటీ పెట్టింది. మూడో రోజు పొద్దున నెవిల్ వచ్చి ఆ చీటీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"జీతం వారం వారం ఇవ్వాలి వదినా" అన్నాడు. "నోట్లే. షేరు కాగితాలిస్తే ఊరుకోను."

"పళ్ళేలు చల్లారిపోతున్నాయి, ముందు ఎక్కించు" అంది థెల్మా.