రెండిళ్ల మధ్య కుడితి తొట్టి

నేను ఒక కుడితి తొట్టిని. అచ్చమైన రాతి తొట్టిని. ఈ సిమెంటు తొట్లలాగా నాలుగు ఎండలకే బీటలిచ్చే రకం కాదు. గొప్పలు పోతున్నాననుకోకండి, మా పుట్టుకే అంత.

వినుకొండ వైపు ఒక గుట్ట కింద హనుమయ్య అనే ఆయన నన్ను ఉలితో తొలిచాడు. లోపల నున్నగా వచ్చిందో లేదో అని అరచేత్తో పదే పదే తడిమేవాడు. "మూతి గీసుకపోతే నోరులేని జీవం ఎవురికి చెప్పుకుంటది?" అనేవాడు. ఆయన అరచేతి నిండా మాత్రం గాట్లే. వాటిని తడిమి చూసినవాళ్లెవరూ నాకు కనపడలేదు.

నన్ను మొదట కొన్నది అంకయ్య అనే రైతు. ఆయనకో జత ఎడ్లుండేవి. వాటిని పేరు పెట్టి ముద్దుగా పిలిచేవాడు, పెళ్లాన్ని మాత్రం "ఏమేయ్" అనేవాడు. నన్ను రోజూ కొబ్బరి పీచుతో తోమేవాడు, తను నీళ్లు తాగే చెంబు తోమింది నేనెప్పుడూ చూడలేదు. కొన్నేళ్లకి ట్రాక్టరు కొన్నాడు, ఎడ్లను అమ్మేశాడు. ఆ తర్వాత నా పక్క నుంచి నడుస్తూ మొహం తిప్పుకునేవాడు. చివరికి నన్ను చూడలేక, పట్నం శివార్లలో ఉండే తన చెల్లెలు మాలకొండమ్మకి ఇచ్చేశాడు. నన్ను మోసుకొచ్చింది కూడా ఆ ట్రాక్టరే. ఒళ్లు మండింది గానీ, దారిలో ఎక్కడా నన్ను దొర్లనివ్వలేదు, అది ఒప్పుకోవాలి.

మాలకొండమ్మ ఒంటరిది. ఆమెకున్నదల్లా మంగ అనే గేదె. మంగ పాలిస్తేనే ఆమె పొయ్యి వెలుగుతుంది. ఆ వీధిలోనే పేరిందేవి, ఆదిలక్ష్మి అనే ఇద్దరి ఇళ్ల మధ్యనున్న జాగాలో మంగని కట్టేసి, పక్కనే నన్ను పెట్టింది. ఇక వీధి వీధంతా నా దగ్గరికే. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు, ఏదీ పారబోయరు, తెచ్చి నాలో పోస్తారు. మంగ ఈనినప్పుడు కుడితి పోసిన ప్రతి ఇంటికీ జున్నుపాలు వెళతాయి. అడిగేది లేదు, మరిచిపోయేది లేదు.

పేరిందేవికీ ఆదిలక్ష్మికీ మాత్రం మాటల్లేవు. ఒకప్పుడు "వదినా" అంటే "వదినా" అనుకునేవాళ్లే. మురుగు కాలవ ఎవరి గోడ వైపు పోవాలన్న దగ్గర చెడింది. ఒకరు కుడితి తెస్తుంటే రెండోవారు గుమ్మంలోనే ఆగి, ఆమె వెళ్లాక వచ్చేవారు. నాలోకి వచ్చాక ఏ కడుగు ఎవరిదో నాకే తెలిసేది కాదు.

ఒక ఆదివారం పేరిందేవి కూతురి శ్రీమంతం. అదే రోజు ఆదిలక్ష్మి ఇంట్లో అయ్యప్ప స్వాములకు భిక్ష. మాటలు ఉంటే ఒకరు రోజు మార్చుకునేవారు. పంతం కొద్దీ ఇద్దరూ వీధి మొత్తానికీ సరిపడా వండించారు. వీధి సగం అటు, సగం ఇటు వెళ్లింది. రెండిళ్లలోనూ అన్నం గుట్టలుగా మిగిలింది. అన్నం పారబోయడానికి చేతులు రావు కదా! మధ్యాహ్నం పేరిందేవి ఒక గుండిగ అన్నం తెచ్చి నాలో కుమ్మరించింది. మంగ ఊడ్చుకు తింది. కాసేపటికి, ఖాళీగా ఉన్న నన్ను చూసి, ఆదిలక్ష్మి ఇంకో గుండిగ తెచ్చింది. హనుమయ్య నాకు ఇంత పెద్ద నోరు పెట్టాడు గానీ మాట పెట్టలేదు. మంగ అదీ తింది.

మాలకొండమ్మ పాలు పోసి వచ్చేసరికి మంగ కూలబడి ఉంది. ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. పళ్లు కొరుకుతోంది. "అమ్మో, నా మంగకేమైందే! ఇది పోతే నేనేం పెట్టుకు బతకనే!" అని ఆమె పెట్టిన కేకకి వీధంతా పోగైంది. ఎవరో ఫోన్ చేస్తే పశువుల డాక్టరమ్మ స్కూటరు మీద వచ్చింది.

డొక్క నొక్కి చూసి, "ఏం పెట్టారు దీనికి?" అంది.

పేరిందేవి కొంగు నలుపుకుంటోంది. ఆదిలక్ష్మి నేల చూపులు చూస్తోంది.

"చెప్తేనే కదమ్మా నేను వైద్యం చేసేది!"

"నేను... ఒక గుండిగ అన్నం పోశానమ్మా. దానికే ఇంతవుతుందా?" అంది ఆదిలక్ష్మి.

పేరిందేవి తలెత్తింది. "అయ్యో, నేనూ పోశానే ఒక గుండిగ!"

"గడ్డి అరిగించుకునే పొట్ట అది. అంత అన్నం పడితే లోపల పులిసి విషమైపోద్ది," అంది డాక్టరమ్మ. గబగబా గొట్టం వేసింది, సోడా ఉప్పు నీళ్లు పట్టించింది, సూదులు పొడిచింది. "లేపి నడిపించండి. నెమరేసిందంటే గండం గడిచినట్టే."

పలుపుకు ఒక పక్క పేరిందేవి, ఇంకో పక్క ఆదిలక్ష్మి. మాలకొండమ్మ వెనక నుంచి తోస్తోంది. వీధి ఆ చివరిదాకా, ఈ చివరిదాకా. ఇద్దరి మాటలన్నీ మంగతోనే. "నడువు తల్లీ." "నడువమ్మా, మా అమ్మవు కదూ." నేను బతికిన ఇన్నేళ్లలో అంత భయపడింది లేదు.

తెల్లవారింది. మంగ నా పక్కనే పడుకుని ఉంది. ముగ్గురు ఆడవాళ్లూ దాని దవడ వైపే చూస్తున్నారు. ఎండ గోడ దిగేసరికి ఆ దవడ పక్కకి కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది.

"నెమరేసింది! నా తల్లి నెమరేసిందే!" అంటూ మాలకొండమ్మ దాని మెడ పట్టుకుని బావురుమంది. "చంపుదామనుకున్నావటే నన్ను!" అని తిట్టింది కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది. రాతికి ప్రాణమేమిటంటారా? ఆ పూట మీరక్కడ ఉంటే అడిగేవారు కాదు.

మురుగు కాలవ సంగతి ఇప్పటికీ తేలలేదు. కానీ మంగ తేరుకున్నాక ఒక పొద్దున పేరిందేవి బిందెతో వచ్చింది. అటు నుంచి ఆదిలక్ష్మీ బిందెతోనే వచ్చింది. వెనక్కి వెళ్లలేక ఇద్దరూ నా దగ్గరే ఆగిపోయారు.

"మీరు ముందు పొయ్యండి," అంది ఆదిలక్ష్మి.

పేరిందేవి పోయలేదు. ఎదుటి బిందెలోకి తొంగి చూసింది.

"ఏం తెచ్చావు వదినా?"

"ఉత్త బియ్యం కడుగే వదినా. మరి నువ్వు?"

"నాదీ కడుగే."

అప్పుడు పోశారు. మంగ తాగడం మొదలుపెట్టింది. ఇద్దరికీ ఇళ్లల్లో బోలెడు పనులున్నాయి, అయినా అది అడుగుదాకా తాగి తలెత్తేవరకూ ఒక్కరూ అక్కడి నుంచి కదల్లేదు.