ఐదో చేప

నాదీన్ తెల్ల టేపు ముక్క చింపి, దాని మీద నల్ల మార్కరుతో "చేపని ఇందులో వెయ్యి" అని రాసి, పడవలో చేపల తొట్టి మూత మీద అతికించింది. మూత మంచుకు తడిసి ఉండడంతో ముందు స్వెటరు చేత్తో తుడవాల్సి వచ్చింది. ఆమె పనిచేసే బడి వంటగదిలో ప్రతి డబ్బా మీదా ఇలాంటి టేపే ఉంటుంది.

"పిల్లల టిఫిన్ డబ్బా అనుకున్నావా?" అన్నాడు ఆమె భర్త హార్లన్.

"మొన్న సాధనలో ఎన్ని వదిలేశావు?"

"మొన్నటిది పోటీ కాదుగా."

"ఆ సంగతి నీ చేతికి తెలుసా?"

హార్లన్ నవ్వాడు గానీ టేపు పీకలేదు. అది చాలనుకుంది నాదీన్.

హార్లన్ ప్రూయిట్ ఇరవై రెండేళ్ళు ట్రయిల్ అనే గాలం పోటీల్లో పాల్గొన్నాడు. ట్రయిల్ పద్ధతి పాతది. రోజంతా పట్టిన బాస్ చేపల్లో పెద్దవి ఐదు ఏరి, తొట్టిలో ప్రాణంతో ఉంచుకుని రేవుకి తేవాలి. జనం ముందు వేదిక మీద తూయించి, ఆ తర్వాతే సరస్సులో వదలాలి. నాలుగేళ్ళ కిందట దానికి పోటీగా లీగ్ పుట్టింది. లీగ్‌లో తొట్టితో పనే లేదు. పడవలో ఒక అధికారి కూర్చుంటాడు. పట్టిన ప్రతి చేపనీ అక్కడికక్కడే తూచి, బరువు అతనికి గట్టిగా చెప్పి, వెంటనే నీళ్ళలో వదిలేయాలి. టీవీ వాళ్ళు వెంటే తిరుగుతారు. మరుసటి ఏడాది ఒక్క చలికాలంలో ట్రయిల్ నుంచి నలభై మంది లీగ్‌కి వెళ్ళిపోయారు. వాళ్ళలో హార్లన్ ఒకడు.

నాదీన్ తమ్ముడు లైల్ మాత్రం ట్రయిల్‌లోనే ఉండిపోయాడు. వేదిక మీద తూకం వేసేదీ, మైకు పట్టుకునేదీ అతనే. నలభై మంది పోయిన ఏడాది ట్రయిల్ పోటీలు సగానికి సగం రద్దయి, లైల్ ఎనిమిది నెలలు టైర్ల దుకాణంలో పనిచేశాడు. దాన్నయినా మింగేవాడేమో. అదే ఏడాది హార్లన్ టీవీలో నవ్వుతూ, "చేపల్ని సంచిలో వేసుకొచ్చి మైకు ముందు ఊపడం కూడా ఒక ఆటేనా?" అన్నాడు. ఆ సంచి అందుకునేది లైల్ చేతులే.

అప్పటి నుంచి నాదీన్, లైల్‌ల అమ్మ ఓపల్ ఇంట్లో ఆదివారం భోజనాలు రెండు విడతలు. చర్చి అయ్యాక పన్నెండింటికి లైల్ కుటుంబం, సాయంత్రం ఐదింటికి నాదీన్, హార్లన్. ఎనభై ఒక్కేళ్ళ మనిషి మధ్యాహ్నం వేయించిన కోడిని సాయంత్రం మళ్ళీ ఓవెన్‌లో వేడి చేస్తుంది. మొక్కజొన్న రొట్టె మాత్రం రెండోసారి కూడా కొత్తగానే కాలుస్తుంది. ఎవరినీ ఏమీ అనదు.

ఈ ఏడాది లీగ్ తన ఎనభై మందిని యాభైకి కుదించింది. హార్లన్ యాభై ఎనిమిదో వాడు. ఆ సంగతి ఫోనులో రెండు వాక్యాల సందేశంగా వచ్చింది. వెళ్ళిపోయిన వాళ్ళకి ట్రయిల్ తెరిచిన తలుపు ఒక్కటే. కొత్త కుర్రాళ్ళతో కలిసి మూడు అర్హత పోటీలు ఆడాలి. మొత్తం బరువులో మొదటి తొమ్మిది మందిలో ఉంటే లోపలికి రానిస్తారు. లేకపోతే మళ్ళీ అడగడానికి లేదు. ఒకసారి వదిలి వెళ్ళిన వాడికి ఒకే అవకాశం. హార్లన్‌కి యాభై నాలుగేళ్ళు. గాలం పట్టడం తప్ప ఇంకో పని నేర్చుకోలేదు.

ఈ రోజు మూడో పోటీ చివరి రోజు. హార్లన్ ఎనిమిదో స్థానంలో ఉన్నాడు.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. పడవలు రేవు పొడవునా వరసగా ఊగుతున్నాయి. వెనక సీట్లో ఆ రోజుకి చీటీలో జత పడిన ఎమ్మెట్ అనే రిటైరైన పోస్ట్‌మాన్ దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. బయలుదేరే ముందు ప్రతి తొట్టీ ఖాళీగా ఉందో లేదో చూడడం కూడా లైల్ పనే. టార్చి పట్టుకుని ఒక్కో పడవా దాటుకుంటూ వచ్చి హార్లన్ పడవ ముందు ఆగాడు.

"తొట్టి తెరువు," అన్నాడు.

వెలుతురు టేపు మీద పడింది. లైల్ వంగి చదివాడు. మైకు లేకపోయినా అతని గొంతు రేవు చివరిదాకా వెళుతుంది.

"ఇటు రండర్రా! మా అక్క చేపకి అడ్రసు రాసిపెట్టింది!"

పక్క పడవల్లో కుర్రాళ్ళు మెడలు సాచారు.

"మీ లీగ్‌లో దీన్ని దేనికి వాడేవాడివి బావా? కూల్‌డ్రింకులు పెట్టుకోడానికా?"

"నీ పని నువ్వు చూసుకో లైల్," అన్నాడు హార్లన్.

"చూస్తున్నానుగా. గాలం ఏ చేత్తో వెయ్యాలో రాయడం మరిచిపోయావు అక్కా. ఇంకో ముక్క చింపు."

ఈసారి అందరూ నవ్వారు. తన మీద నవ్వు కాదన్నట్టు ఎమ్మెట్ కూడా చిన్నగా నవ్వాడు. హార్లన్ వంగి టేపు పట్టి లాగాడు. అది తడి మూత మీద నుంచి ఒక్క లాగులో వచ్చేసింది. ఉండ చుట్టి ఖాళీ కాఫీ కప్పులో పడేశాడు.

"హార్లన్, దాన్ని ఉంచు," అంది నాదీన్ గట్టు మీద నుంచి.

అతను ఆమె వైపు చూడలేదు. చెవులు ఎర్రగా ఉన్నాయి. నంబరు పిలిచారు. పడవ కదిలింది.

నాదీన్ ట్రక్కులోనే కూర్చుంది. ట్రయిల్ వాళ్ళ భార్యలు కుర్చీలు వేసుకుని ఒక గుంపుగా కూర్చున్నారు. అందులో ఇద్దరు ఒకప్పుడు ఆమెతో కలిసి ఊరూరూ తిరిగినవాళ్ళు. చెయ్యి ఊపారు గానీ కుర్చీ జరపలేదు. ఉత్తరపు గాలి లేచింది. గాలి ఇలా ఉంటే చేపలు అడుక్కి పోతాయని ఆమెకి తెలుసు. ఎవరికీ ఎక్కువ దొరకవు, కాబట్టి పన్నెండు పౌన్లు తెస్తే చాలు. ఆ లెక్క పదిసార్లు వేసుకుంది. తెచ్చుకున్న చీజ్ శాండ్‌విచ్ సగం తిని మిగతాది మళ్ళీ కాగితంలో చుట్టింది.

డాష్‌బోర్డు మీద మందు ట్యూబు ఉంది. బాస్ చేపని కింది దవడ పట్టి ఎత్తుతారు. దాని సన్నని పళ్ళు బొటనవేలి చర్మాన్ని ఆకురాయిలా గీకేస్తాయి. ఇరవై ఆరేళ్ళ కాపురంలో హార్లన్ కుడి బొటనవేలు మానిన నెలలు తక్కువ. రాత్రి పడుకునే ముందు ఆమె మందు రాస్తుంది, అతను దిండు గలీబుకి అంటిస్తాడు, మర్నాడు ఆమె తిడుతూ ఉతుకుతుంది.

మూడింటికి పడవలు తిరిగి వచ్చాయి. హార్లన్ ఇంజను ఆపి, సీట్లోనే కూర్చుండిపోయాడు. ఎమ్మెట్ ముందు దిగాడు. నాదీన్ దగ్గరికి వచ్చి టోపీ తీశాడు.

"ఎన్ని?" అంది.

"నాలుగు. చిన్నవి." అతను గొంతు తగ్గించాడు. "పదిన్నరకి పెద్దది పడిందమ్మా, రాళ్ళ కట్ట దగ్గర. నేను లేచేలోపే దవడ పట్టి ఎత్తేశాడు. కాటాకి తగిలించాడు. బరువు చూసుకుంటున్నాడులే అనుకున్నా. నా వైపు తిరిగి 'ఐదు, తొమ్మిది!' అని అరిచాడు, నేనేదో రాసుకోవాలన్నట్టు. తర్వాత వంగి, పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు, నీళ్ళలో పెట్టేశాడు."

నాదీన్ పడవ వైపు చూసింది.

"వద్దు, వద్దు అన్నాను. అప్పటికే అయిపోయింది. పాపం, తన చెయ్యి తనే చూసుకుంటూ నిలబడ్డాడు. అరగంట దాకా మళ్ళీ గాలం వెయ్యలేదు." ఎమ్మెట్ టోపీ అంచు తిప్పుతూ, "జారిపోయిందని చెప్పండి, నేనూ అదే చెబుతానన్నా. వినలేదు," అన్నాడు.

వేదిక ముందు రెండు వందల మంది ఉంటారు. హార్లన్ సంచితో మెట్లెక్కాడు. లైల్ సంచి అందుకున్నాడు. మూడేళ్ళ ఎడం తర్వాత, ఈ మూడు వారాలుగా, మళ్ళీ ఆ చేతుల నుంచి ఈ చేతుల్లోకి.

"నాలుగే కనిపిస్తున్నాయే," అన్నాడు లైల్ మైకులో, ప్రతివాడినీ అడిగే గొంతుతోనే. "ఐదోది ఏమైంది బావా? జారిపోయిందా?"

"జారలేదు," అన్నాడు హార్లన్. "పట్టాను, తూచాను. ఐదు పౌన్ల తొమ్మిది ఔన్సులు. నీళ్ళలో వదిలేశాను."

"వదిలేశావా? ఎందుకు?"

"అలవాటు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక ఎవడో పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ముందుకి పాకింది. "లీగ్ జిందాబాద్!" అని ఒకడు అరిచాడు. లైల్ నవ్వలేదు. అతని నోరు కొద్దిగా తెరుచుకుంది. పన్నెండేళ్ళుగా ఆ వేదిక మీద మాట తడుముకోని మనిషి కాటా వైపు తిరిగి, అంకె చదివి ఊరుకున్నాడు. ఏడు పౌన్ల రెండు ఔన్సులు.

హార్లన్ పదకొండో స్థానంలో మిగిలాడు. తొమ్మిదో వాడికీ అతనికీ మధ్య తేడా రెండు పౌన్ల పదకొండు ఔన్సులు.

జనం వెళ్ళిపోయాక పడవని ట్రక్కు వెనక కట్టారు. హార్లన్ ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని ఖాళీ సంచిని మడుస్తున్నాడు. విప్పి మళ్ళీ మడుస్తున్నాడు. లైల్ వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు.

"అక్కా. పొద్దున నేను సరదాకి అన్నాను."

"సరదాగానే ఉంది. అందరూ నవ్వారుగా."

"టేపు పీకమని నేను చెప్పలేదు."

"లేదు. నువ్వు చదివావు, అంతే."

లైల్ బూటు కొనతో కంకర కదిపాడు. మొహం చిన్నబోయింది. టైర్ల దుకాణం నుంచి నల్లటి గోళ్ళతో వచ్చి అమ్మ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు కూడా ఇలాగే ఉండేవాడు. నాదీన్ అది గుర్తు చేసుకోకూడదనుకుంది.

"ఈ ఆదివారం పన్నెండింటికి రండి," అన్నాడు. "ఇద్దరూ. అమ్మ రెండుసార్లు పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది. అందరం కలిసి తిందాం. ఇంకేముంది ఇప్పుడు, కొట్టుకోడానికి?"

మాకు ఐదు గంటలే బాగుంటుందని చెప్పడానికి నాదీన్ నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ ఈ పిలుపు కోసం ఎదురుచూసింది. ఇవాళ మాత్రం వద్దు. ఈ మనిషి ఇలా కూర్చుని ఉండగా వద్దు.

"వస్తాం లైల్," అన్నాడు హార్లన్.

గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. "ఏమైనా తెమ్మంటావా?" అని కూడా అడిగాడు.

"ఏమీ వద్దు బావా."

లైల్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. నిన్నటి హార్లన్ అయితే విదిలించేసేవాడు. ఇప్పుడు కదలకుండా, చెయ్యి తీసేదాకా కూర్చున్నాడు.

లైల్ వెళ్ళాక నాదీన్ ట్రక్కులోంచి మందు ట్యూబు తెచ్చింది. అడక్కుండానే హార్లన్ కుడి చెయ్యి చాపాడు. వేలి చర్మం లేచిపోయి పచ్చిగా ఉంది. మూడు వారాల పోటీ మొత్తం అక్కడే ఉంది.

"ఇంక పెద్దగా అక్కర్లేదులే," అన్నాడు. "పది రోజుల్లో మానిపోతుంది."

మానిపోతుంది. నున్నగా అయిపోతుంది. ఆ తర్వాతి ఆదివారాల్లో అమ్మ బల్ల దగ్గర రొట్టె అందిస్తుంటే, ఎప్పుడూ చేప పట్టని ఏ మనిషి చెయ్యిలాగానో ఉంటుంది. నాదీన్ ఆ వేలిని పట్టుకుని, మందు మూత తియ్యకుండా అలాగే నిలబడింది.