రెండు ఫోటోల మధ్య

ఆ చలికాలం పైడమ్మ ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోయేది. బండిలో పాలడబ్బాల పెట్టెకు ఆనుకుని నిద్రపోయేది. ప్రార్థనలో మోకాళ్ల మీద ఉండగానే నిద్రపోయేది. ఒకసారి చంటిబిడ్డ నోట్లో చెంచా పెడుతూ పెడుతూ కునికింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. మోకా అనే ఊళ్లో క్రైస్తవ మిషన్ వాళ్లు నడిపే అనాథ పిల్లల ఇంట్లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తోంది. తను పెరిగిందీ అక్కడే. తల్లి చలిజ్వరంతో పోయినప్పుడు ఎనిమిదేళ్ల పిల్లగా ఆ గేటు దాటి లోపలికొచ్చింది. అక్కడే బాప్తిస్మం తీసుకుంది. అక్కడ పిల్లలకు తెలుగు చెప్పే కృష్ణస్వామిని పెళ్లాడింది. అతను పోయాక కూడా వేరే ఎక్కడికి పోవాలో తోచక ఉండిపోయింది.

1919లో ఓడల మీద వచ్చిన విషజ్వరం మారిషస్ దీవిని ఊడ్చేసింది. చెరకు తోటల్లో కూలీలుండే గుడిసెల వరసలను కాంపులనేవారు. ఆ కాంపుల్లో తల్లీ తండ్రీ ఒకే వారంలో పోయిన ఇళ్లు లెక్కలేనన్ని. మామూలుగా పన్నెండు మంది ఉండే అనాథ గృహంలో, అక్కడ చలికాలమైన జూలై నాటికి ముప్పై ఒక్కమందయ్యారు. మంచాలు చాలక పిల్లల్ని అడ్డంగా పడుకోబెట్టేవారు.

జీనెట్ దొరసాని వచ్చింది అప్పుడే. స్విట్జర్లాండులో ఏదో క్రైస్తవ సంఘం ఆమెను నాలుగు నెలల కోసమని పంపింది. అంతకుముందు ఏడాది ఆఫ్రికా తీరంలో ఇలాంటి పిల్లల మధ్యే పనిచేసిందట. ముప్పై నిండని నర్సు. దొరసాని అని పిలిస్తే ఒప్పుకునేది కాదు. అందుకని అందరూ ఆ దీవిలో మాట్లాడే క్రియోల్ భాషలో మామ్‌జెల్ అనేవారు. వారానికి నాలుగు రోజులు కంచరగాడిద బండి మీద కాంపులకు వెళ్లడం ఆమె పెట్టిన పద్ధతే. ఆమె క్రియోల్‌లో చెప్పింది పైడమ్మ తెలుగులో చెప్పాలి, వాళ్లు తెలుగులో ఏడ్చింది పైడమ్మ క్రియోల్‌లో చెప్పాలి. ఆ రెండో పనికే ఆమె ఎక్కువ అలిసిపోయేది.

రంగయ్య గుడిసె ఒక కాంపు చివర్న ఉంది. అరవై అయిదేళ్లవాడు. కుర్రతనంలో కోరంగి రేవులో ఓడెక్కి వచ్చి, నలభై ఏళ్లు చెరకు నరికి, నడుము వంగాక పని మానేశాడు. శనివారాలు కాంపులో భజన చెప్పేది అతనే. బండి వెళ్లేసరికి వాకిట్లో చన్నీటి జల్లు పడుతోంది. గుమ్మంలో ఆరేళ్ల పిల్ల ఒకతి తమ్ముణ్ని చంకనేసుకుని నిలబడి ఉంది. పిల్ల పేరు అంకమ్మ, తమ్ముడు గోపాలం. వాడికి ఎనిమిది నెలలు, కానీ మూడు నెలల బిడ్డంత ఉన్నాడు. తల్లిదండ్రులిద్దరూ మే నెలలో పోయారు.

వీళ్లు నీకేమవుతారని దొరసాని అడిగించింది.

"నాకేటీ కారు సెల్లీ," అన్నాడు రంగయ్య. "ఈళ్ల తాతా నానూ ఒక్క ఓడలో ఒచ్చినాం. ఆడు పోయాడు, ఆడి కొడుకూ పోయాడు. ఇంకెవరున్నారని?"

దొరసాని బిడ్డ చొక్కా ఎత్తి చూసింది. వీడికి ఏం పట్టిస్తున్నారని అడిగింది. గంజి అని చెప్పాడు. ఇలాగే ఉంటే ఆదివారం దాటడని ఆమె అంది. పైడమ్మ ఆ మాటను అలాగే తెలుగులో చెప్పింది. మెత్తగా చెప్పే ఓపిక అప్పటికే అయిపోయింది.

రంగయ్య చిన్నోణ్ని తీసుకుపొమ్మనీ, పిల్లను మాత్రం తన దగ్గర ఉంచమనీ అన్నాడు. కానీ పిల్ల తమ్ముణ్ని ఇవ్వలేదు. ఏడవలేదు, అరవలేదు, చంక బిగించిందంతే. అప్పుడు పైడమ్మ సొంతంగా ఒక మాట అంది. పాలడబ్బాలు ఇక్కడే ఇచ్చి వెళ్దామా అని. ఇరవై రెండు కాంపులున్నాయి, ఎన్నిచోట్ల ఇస్తాం, కాచని నీళ్లలో కలిపి పట్టిస్తే ఆ పాలే చంపుతాయి అని దొరసాని జవాబు. అది నిజమే. అలా పోయిన బిడ్డల్ని పైడమ్మ రెండుసార్లు తన చేతులతోనే గుడ్డలో చుట్టింది.

చివరికి రంగయ్యే తేల్చాడు. "ఇద్దర్నీ అట్టుకుపొండి. ఇడదీయకండి." బండి కదలబోతుంటే పైడమ్మ పక్కకు వచ్చి అడిగాడు. "అక్కడ బాగుంటాదా, సెల్లీ?"

"పాలుంటాయి, అన్నా," అంది పైడమ్మ.

అనాథ గృహంలో అంకమ్మకు తల గొరిగారు. ఒళ్లు రుద్ది తెల్లటి కొత్త గౌను తొడిగారు. చిరిగిన పాత గౌనును మూట కట్టి బీరువా మీద పడేశారు. గోపాలాన్ని జబ్బు పిల్లల గదిలో ఉంచి, అక్కకు పొద్దునా సాయంత్రం మాత్రం చూపించేవారు. వాడు ఆదివారం దాటాడు, ఇంకో ఆదివారం కూడా దాటాడు. బుగ్గల్లోకి కాస్త రంగొచ్చింది. అంకమ్మ పెట్టింది తినేది, చెప్పింది చేసేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేని పిల్ల. ఇబ్బంది పెట్టే పిల్లలే బోలెడుమంది ఉండటంతో ఆమె సంగతి పైడమ్మ అంతగా పట్టించుకోలేదు.

రెండో ఆదివారం రంగయ్య వచ్చాడు. కాంపు నుంచి మోకాకు బాగా నడిచేవాడికే రెండు గంటల దారి. బయటివాళ్లు నెలకు ఒక్క ఆదివారమే రావాలి, అది ఆ ఆదివారం కాదు. పైగా పిల్లలంతా చర్చిలో ఉన్నారు. గేటు బయట రాతి మీద కొంతసేపు కూర్చుని, చీకటిపడేలోగా ఇల్లు చేరాలని వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆకులో కట్టిన వేయించిన సెనగలు గేటు దగ్గర పెట్టి వెళ్లాడు. పైడమ్మ అవి అంకమ్మకిచ్చి ఎవరు తెచ్చారో చెప్పింది. పిల్ల సగం తిని, సగం పళ్లు లేని తమ్ముడి కోసం దిండు కింద దాచింది.

ఆగస్టు మూడో వారంలో ఎండ కాసింది. దొరసాని కెమెరా బయటికి తీసి పెరట్లో మూడు కాళ్ల మీద నిలబెట్టింది. ప్రతి బిడ్డకూ రెండు ఫోటోలు తీయడం ఆమెకు అలవాటు, దొరికినప్పుడు ఒకటి, బాగుపడ్డాక ఒకటి. అంకమ్మ వాళ్లను తెచ్చినరోజు చిన్నవాడి ప్రాణం గురించిన కంగారులో మొదటిది తీయలేదు. అందుకని పాత గౌను తొడిగి తీసుకురమ్మని పైడమ్మకు చెప్పింది.

పైడమ్మ మూట విప్పింది. గౌను ఇంకా గుడిసె పొగ వాసన వేస్తోంది. పిల్ల దాన్ని చూడగానే చేతులు పైకెత్తింది, తనే దూరిపోయింది. తొడిగించుకుంటూనే అడిగింది.

"తాత కాడికేనా?"

పైడమ్మ బొత్తాం ఊడిపోయిన చోట పిన్ను పెడుతూ ఉండిపోయింది. పిల్ల ఆమె చేతిలోంచి జారి పరుగెత్తి, జబ్బు పిల్లల గదిలోంచి తమ్ముణ్ని ఎత్తుకొచ్చింది. వచ్చిన నెల రోజుల్లో ఆమె పరుగెత్తడం అదే మొదలు. పెరట్లో నిలబెడితే గేటువైపే చూస్తూ నవ్వింది.

నవ్వొద్దని చెప్పు అంది దొరసాని, నల్లగుడ్డ కింద నుంచి.

"నవ్వకమ్మా," అంది పైడమ్మ.

అయినా పిల్లకు నవ్వు ఆగలేదు. అలాగే ఒకటి తీసి, లోపలికి తీసుకెళ్లి మళ్లీ తెల్లగౌను తొడగమంది దొరసాని. పైడమ్మ పాత గౌను విప్పుతుంటే పిల్ల ఊరికే నిలబడింది. కొత్తది తల మీంచి దించుతుంటే మాత్రం ఆమె మొహం కేసి చూసింది. అడగాల్సింది ఇంకేమీ లేనట్టు చూసింది. రెండో ఫోటోకు నవ్వమని దొరసాని, నవ్వమ్మా అని పైడమ్మ. ఆ పిల్ల నవ్వలేదు.

ఆ పూట నుంచి అంకమ్మ తిండి మానేసింది. పళ్లెం ముందు కూర్చునేది, ముట్టుకునేది కాదు. రెండో రోజు దొరసాని స్వయంగా తినిపించబోయింది, బిస్కట్లు ఇచ్చింది. ముద్ద నోట్లో పెడితే అలాగే ఉంచుకునేది. మూడో రోజు సాయంత్రం గుడ్డలు ఆరేసే చోట పైడమ్మ దొరసానితో చెప్పింది.

"ఆ పిల్ల ఇంటికి పంపుతున్నామనుకుంది, మామ్‌జెల్."

"ఎప్పుడు?"

"పాత గౌను తొడిగినప్పుడు."

దొరసాని మెట్టు మీద కూర్చుంది. ఆమె మోచేతుల దాకా సబ్బునురగ ఉంది. ఆ ఫోటోలు చూస్తేనే మా దేశంలో జనం కదులుతారు, ఇప్పుడు ఇక్కడి పిల్లలు తాగే పాలు పోయినేడు ఆఫ్రికాలో తీసిన ఫోటోలతో వచ్చినవే అని చెప్పింది. "ఆ గౌనులోనే కదా మనకు దొరికింది. నేను అబద్ధం చెప్పానా?" అంది.

"అబద్ధం కాదు," అంది పైడమ్మ. తర్వాత, రేపు ఒక్కరోజు పిల్లను కాంపుకి తీసుకెళ్లి వస్తానని అడిగింది. దొరసాని తలాడించింది.

పొద్దున్నే నడక మొదలుపెట్టారు. పిల్లకు నీరసంగా ఉండి కొంత దూరం ఎత్తుకోవాల్సొచ్చింది. తోటల్లో నరుకుడు జోరుగా సాగుతోంది, దారి పొడుగునా చెరకాకు పరుచుకుని ఉంది. గుడిసె చేరేసరికి రంగయ్య చాప మీద పడుకుని దగ్గుతున్నాడు. పక్కింటి అమ్మాయమ్మ గంజి పోసి పెడుతోంది. వారం నుంచి లేవలేదని చెప్పింది. రంగయ్య పిల్లను చూసి లేవబోయాడు, కుదరలేదు. గుండు తల మీద చెయ్యి పెట్టి, జుట్టేదని అడిగాడు.

అంకమ్మ పొయ్యిలో బూడిద తీసింది. చితుకులు పెట్టి ఊదింది. అమ్మాయమ్మ వండిచ్చిన అన్నం తాతకు పెట్టి, తనూ పక్కన కూర్చుని తింది. అది చూస్తూ పైడమ్మ గోడకు ఆనుకుంది. అలా ఆనుకున్నది పొద్దు వాలేదాకా కదలకుండా నిద్రపోయింది. నెలల తరబడి పట్టని గాఢనిద్ర. ఎవరూ ఆమెను లేపలేదు. మెలకువొచ్చేసరికి ఒంటి మీద రంగయ్య దుప్పటి ఉంది. ముసలాయన దుప్పటి లేకుండా ముడుచుకుని ఉన్నాడు.

ఇంక వెళ్లాలి అనుకుంటూనే కొంతసేపు కూర్చుంది. తర్వాత అడిగింది. "అన్నా, అమ్మాయమ్మకు అవతలి ఇల్లు ఖాళీయేనా?"

"కాళీయే. అందులోవోళ్లు నలుగురూ పోనారు. ఎవులూ దిగట్లేదు."

"నేను దిగుతాను," అంది పైడమ్మ. తన నోటి నుంచి ఆ మాట వినేదాకా అలా అనబోతున్నట్టు ఆమెకే తెలియదు.

పిల్లతో మోకాకు తిరిగొచ్చాక దొరసానితో చెప్పడం కష్టమైంది. పాలు కాచడం, సీసా ఉడకబెట్టడం తనకొచ్చనీ, తోటలో ఏదో ఒక పని దొరుకుతుందనీ, ఇద్దరు పిల్లల్నీ ముసలాయన్నీ చూసుకుంటాననీ చెప్పింది. దొరసాని కోప్పడలేదు. "మరి మిగతా ముప్పై ఒక్కమంది?" అని అడిగింది.

ఆ ముప్పై ఒక్కమందీ పైడమ్మకు పేరుపేరునా తెలుసు. ఎవరు పక్క తడుపుతారో, ఎవరు ఉలిక్కిపడి లేస్తారో తెలుసు. "అందరినీ మొయ్యలేకపోతున్నాను, మామ్‌జెల్," అని మాత్రం అంది. దొరసాని ఆమె చేతులకేసి చూసి, నేనూ అంతే అంది. అనాథ గృహం లెక్కల పుస్తకంలో ఇద్దరు పిల్లల్నీ బంధువైన రంగయ్యకు అప్పగించినట్టు రాసింది. రెండు సీసాలూ ఒక పెట్టెడు పాలడబ్బాలూ బండిలో తనే ఎక్కించింది. ఆ ఫోటోలు పంపిందో లేదో పైడమ్మ అడగలేదు.

అక్టోబరులో దొరసాని పోర్ట్ లూయీలో ఓడెక్కింది. పైడమ్మ తోటలో కలుపు తీసే ఆడవాళ్లతో చేరింది. మొదటి నెల చేతులు పుండ్లు పడ్డాయి. అలసట తగ్గలేదు, తీరు మారిందంతే. ఇప్పుడు ఒంటికి నొప్పి తెలిసేది. గోపాలం బతికాడు. రంగయ్య లేచి కర్ర పట్టుకుని వాకిట్లో తిరిగాడు. శనివారాలు భజన చెప్పాడు. అతను పాడుతుంటే పైడమ్మ తన గుమ్మంలో కూర్చుని బైబిలు తెరిచి పెట్టుకునేది, కానీ వినేది పాటనే. మరుసటి ఏడు వానల్లో అతను పోయాడు. కాంపు వాళ్లు తమ పద్ధతిలో సాగనంపారు, పైడమ్మ అంకమ్మ చెయ్యి పట్టుకుని చివరిదాకా నిలబడింది.

ఆదివారాలు ఆమె చర్చికి మోకాకు నడిచి వెళ్లేది. గోపాలం చంకలో, అంకమ్మ పక్కన. అనాథ గృహం దారిలోనే ఉంది. ఆమెను చూస్తే పాత పిల్లలు కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చేవారు. ఊచల మధ్య నుంచి చేతులు చాపి కొంగు పట్టుకునేవారు. మళ్లీ ఎప్పుడొస్తావని అడిగేవారు. పైడమ్మ ఒక్కొక్కరి తలా నిమిరి, ముక్కులు తుడిచి, వాళ్లను లోపలికి పిలిచే గంట కొట్టేదాకా అక్కడే నిలబడేది. చర్చికి వేళ మించిపోతోందని అంకమ్మ కొంగు లాగేది. రెండువైపులా లాగుతున్న ఆ చీరను సర్దుకోకుండా, ఇంకొక్క నిమిషం అంటూ, ఆమె అలాగే నిలబడి ఉండేది.