పల్లీలు కలవలేదు

ఆసుపత్రి పిల్లల వార్డులో అడుగుపెట్టగానే అహరోను చూపు దిండు పక్కనున్న సకినాల ప్యాకెట్ మీద పడింది. తన చేత్తో అతికించిన లేబులే. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, నూనె. కింద పెద్ద అక్షరాల్లో, "పల్లీలు కలవలేదు". ఆ మాట అచ్చు వేయించింది ఈ పాప కోసమే. పక్కింటి మరమగ్గాల నాగరాజు కూతురు నవ్యశ్రీకి పల్లీ పొడి తగిలినా చాలు, పెదాలు వాచి ఊపిరాడదు.

ఇంజక్షన్ పడ్డాక పాప నిద్రపోతోంది. వాపు ఇంకా తగ్గలేదు. మంచానికి అటువైపు నాగరాజు తల్లి దేవవ్వ కోడలిని దులిపేస్తోంది.

"ఫోన్ల తలకాయ పెట్టి కూసుంటవు. పిల్ల యాడ ఏం తిన్నదో నీకేం ఎరుక!"

"పొద్దటి సంది నా ముంగటే ఉన్నది అత్తమ్మా. గీ సకినాలే తిన్నది" అంది రోజారాణి.

"అహరోను తమ్మి సకినాలకేమైతది? అండ్ల పల్లీలే లెవ్వు. నువ్వే ఏదో పెట్టినవ్, చెప్తలేవు."

అహరోనుకు దారి పొడుగునా ఉన్న అనుమానం అక్కడ నిజమైపోయింది. నిన్న ఇచ్చోడ దుకాణం వాళ్లు తొందర పెడితే మసాలా పల్లీలు ముందు వేయించాడు. నూనె పారబోయడానికి మనసొప్పక, గుడ్డతో వడగట్టి అందులోనే సకినాలు కాల్చాడు. భార్య రిబ్కమ్మ బతికున్నన్నాళ్లూ సకినాలే ముందు, పల్లీలు చివర. అది ఆవిడ అలవాటనుకున్నాడే గానీ ఎందుకని ఏనాడూ అడగలేదు. డిగ్రీ చదివినవాడు, లేబుల్ నిబంధనలు చదివానని నలుగురికీ చెప్పుకున్నవాడు, పిండిలో కలిపినవే రాశాడు. నూనెతో పాటు వచ్చేదాని సంగతి తలచలేదు.

ఎవరూ తనను అడగలేదు. ఊరుకుంటే ఊరుకోవచ్చు.

"కూసో కాకా, ఎంతసేపని నిలవడతవ్" అంటూ రోజారాణి ఉన్న ఒక్క స్టూలూ అతని వైపు జరిపింది. "లేబుల్ చదివే ఇచ్చిన కాకా. ఎప్పుడైనా చదివే ఇస్త."

అతను కూర్చోలేకపోయాడు.

"నువ్వు సక్కగనే చదివినవ్ బిడ్డా. తప్పు రాసింది నేను."

నూనె సంగతి చెప్పాడు. దేవవ్వ కోడలిని వదిలి అతని వైపు తిరిగింది.

"వడగట్టినవ్ గద తమ్మీ?"

"పలుకులు పోయినయ్ అక్కా. పల్లీ పోలే."

రోజారాణి బిడ్డ పెదాల వైపే చూస్తూ ఉండిపోయింది. నాలుగు తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

"గా ప్యాకెట్లు ఇంకా యాడికి పోయినయ్?" అంది చివరికి.

"ఇచ్చోడకు. ఉట్నూర్‌ల బడి కాడి దుకాణానికి."

"మరి చూస్తవేంది? ఫోన్ కొట్టు. నిన్ను తర్వాత తిడత."

ఫోన్ తీశాడు. ఇక తన సరుకు ఎవరు కొంటారన్న ఆలోచనే ముందొచ్చింది. ఆ ఆలోచనకూ సిగ్గుపడ్డాడు. ఇచ్చోడ దుకాణం పర్శరాములు ఎత్తాడు.

"ఏం సార్! నీ సకినాలు మస్తు నడుస్తున్నయ్. ఇంకా పంపు."

"అవి ఇగ అమ్మకు పర్శరాములూ. ఉన్నయన్నీ పక్కకు తియ్. కొన్నోళ్లకు కబురు పెట్టు. అండ్ల పల్లీ తగిలింది."

"పరేషాన్ చేయకు సార్. కలవలేదని నువ్వే రాసినవ్ గద?"

"అది అబద్ధం" అన్నాడు అహరోను.

పక్క మంచాల వాళ్లు తిరిగి చూశారు.

"ఆఁ? ఇనవడతలే సార్, జర గట్టిగ చెప్పు."

"నేను రాసింది అబద్ధం" అని వార్డంతా వినిపించేలా చెప్పాడు.