అంచుల సారు చెవి

మా సారును ఆస్పత్రిలో అందరూ అంచుల సారు అంటారు. ఎదురుగా అనరు, అంత ధైర్యం ఎవరికీ లేదు. చర్మానికి వచ్చే క్యాన్సర్‌ను కోసి తీయడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆ పని ఒక్క కోతతో అయ్యేది కాదు. పల్చగా ఒక పొర తీయాలి, దాని అంచులకు రంగులు పూయాలి, చలి మిషనులో గడ్డకట్టించి సన్నగా తరిగి మైక్రోస్కోప్ కింద చూడాలి. ఈలోగా రోగి గాయానికి కట్టు కట్టించుకుని బయట కుర్చీలో కూర్చోవాలి. ఏ అంచున రోగం మిగిలితే ఆ అంచున ఇంకో పొర. మొత్తం పోయేదాకా ఇదే వరస. అందుకే ఆయన నోట రోజుకు ముప్పైసార్లు ఒకటే ప్రశ్న, "అంచులు శుభ్రమేనా?" అని. క్యాంటీన్‌లో ప్లేటు తెచ్చినతన్ని కూడా ఓసారి పరధ్యానంగా అదే అడిగారు.

నేను ఆ గదికి హెడ్ సిస్టర్ని. పంతొమ్మిదేళ్లుగా ఆయన చెయ్యి చాపితే ఏం కావాలో అడక్కుండానే అందిస్తున్నాను. మత్తు సూది పొడిచేటప్పుడు పక్కన స్టూలు మీద కూర్చుని రోగి చెయ్యి పట్టుకునేదీ నేనే. అప్పుడు సారు అందరికీ చెప్పే మాట, "ఏం లేదు, చీమ కుట్టినట్టుంటుంది." ఆ అబద్ధం ఎంత నమ్మకంగా చెబుతారంటే, నా వేళ్లు నుజ్జు చేస్తున్నవాళ్లు కూడా "అవును సార్, చీమే" అంటారు.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. కంటబడ్డ ప్రతి మనిషి చర్మాన్నీ పరీక్షగా చూస్తారు. ఇంటికొచ్చిన వియ్యంకుడి బట్టతల మీద మచ్చ కనిపిస్తే కాఫీ కూడా పూర్తిగా తాగనివ్వకుండా ఆస్పత్రికి లాక్కొచ్చారు. అది నిజంగానే క్యాన్సర్ అయింది, ఆ మాట ఒప్పుకోవాలి.

అలాంటి మనిషికి కుడి చెవి వెనక పెసరగింజంత బుడిపె ఉంది. నాలుగు నెలల కిందట మాస్కు తాళ్లు ముడివేస్తూ చూశాను. నిగనిగలాడుతూ ఉంది. ఒక వారం చెక్కు కడుతుంది, ఇంకో వారం చెక్కు ఊడి రక్తం చెమ్మగిల్లుతుంది. మానినట్టే మాని మళ్లీ మొదలు. పంతొమ్మిదేళ్లు ఈ గదిలో ఉన్నదాన్ని, అదేమిటో నాకు ఒకరు చెప్పాలా?

"సార్, చెవి వెనక ఎవరికైనా చూపించుకోండి" అన్నాను.

"కళ్లజోడు ఒరుసుకుంది సిస్టర్" అన్నారు.

కళ్లజోడు మార్చారు. బుడిపె మారలేదు. రెండో నెల మళ్లీ అన్నాను, ఇంకో కళ్లజోడు కొన్నారు. మూడో నెల, "గడ్డం గీసుకుంటుంటే తెగింది" అన్నారు. చెవి వెనక గడ్డం మొలిచిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆ సంగతే చెప్పాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, చెయ్యి మాత్రం చాపారు.

వాళ్లావిడ నన్ను వదినా అంటుంది. "ఆయనకు సిస్టర్ అయితే నాకు వదినే కదా" అని ఏనాడో తేల్చేసింది. నాలుగో నెలలో ఆవిడ ఫోన్ చేసింది.

"వదినా, దిండు గలీబు మీద రక్తం చుక్కలు కనిపిస్తున్నాయి. అడిగితే దోమను చంపానంటున్నారు. రోజూ దోమ ఒకే చోట చస్తుందా?"

"చావదమ్మా."

"మరి మీరు చెప్పొచ్చు కదా."

"చెప్పాను. నా మాట విని రెండు కళ్లజోళ్లు కొన్నారు."

ఆవిడ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. అప్పుడు నాకు భయం పట్టుకుంది. ఈ రకం క్యాన్సర్ ఒళ్లంతా పాకడం అరుదు. కానీ ఉన్నచోటునే తింటూ పోతుంది. చర్మం దాటి చెవిలోని మెత్తటి ఎముకలోకి దిగితే చెవి దక్కదు. అలా ముదరబెట్టుకుని వచ్చినవాళ్లను "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" అని కేకలేసేది ఈయనే.

ఎందుకు చూపించుకోవడం లేదో నాకు తెలుసు. చూపిస్తే కోయించుకోవాలి. ఆ పని వచ్చిన చేతులు మా దగ్గర రెండు జతలే. ఒక జత ఆయనవి, తన చెవి వెనక తాను కోసుకోలేరు. రెండో జత చిన్న డాక్టరమ్మవి. ఆవిడ చేరి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో సారు ఆవిడ చేతికి కత్తి ఇవ్వడం, పొర సగంలో ఉండగా "ఇలా ఇవ్వండి" అని లాక్కోవడం, ఇదే తంతు. కుట్లు వేయనిస్తారు గానీ, వాటిలో రెండు విప్పి మళ్లీ తానే వేస్తారు.

సరిగ్గా అప్పుడే మా యాజమాన్యానికి ఒక ఆలోచన వచ్చింది. విభాగాలకు పెద్దలైన డాక్టర్లందరికీ నాయకత్వంలో ట్రైనింగ్ ఇప్పించాలట. నాలుగు బుధవారాలు, పై అంతస్తు మీటింగు హాల్లో. నేర్పడానికి వచ్చినాయన జేబులో ఆరు రంగుల పెన్నులుండేవి కాబట్టి మేం ఆయనకు పెన్నుల మాస్టారని పేరు పెట్టేశాం.

మొదటి బుధవారం అయ్యాక సారు ఆపరేషన్ మధ్యలో చెయ్యి ఆపి, "ఈ పొర గురించి మీరంతా ఏమనుకుంటున్నారు?" అని అడిగారు. స్లైడ్లు చేసే టెక్నీషియన్ గతుక్కుమన్నాడు. బల్ల మీద పడుకున్న రిటైరైన బస్సు డ్రైవరు, "సార్, అది నా ముక్కు. ఓటింగు పెట్టకండి" అన్నాడు. రెండో బుధవారం తర్వాత మెచ్చుకోవడం మొదలైంది. "సిస్టర్, కత్తెర చాలా బాగా అందించారు" అన్నారు నాతో. పంతొమ్మిదేళ్లకు కనిపించిందన్నమాట. నాకు ఒళ్లు మండింది. మూడో బుధవారం ఏం నేర్చుకున్నారో మాకు తెలియలేదు, అంటే పనిచేయలేదన్నమాటే.

నాలుగో బుధవారం విభాగాల వారీగా మమ్మల్ని కూడా పైకి రమ్మన్నారు. సారు, చిన్న డాక్టరమ్మ, టెక్నీషియన్, నేను. మాస్టారు బల్ల మీద ఒక ఇత్తడి గంట పెట్టారు, హోటలు కౌంటర్ల మీద అరచేత్తో కొడతారే, అలాంటిది.

"మీ పెద్దాయన మార్చుకోవలసింది ఏమిటో ఒక్కొక్కరు లేచి చెప్పండి. ఆయన థాంక్స్ తప్ప ఇంకో మాట అనకూడదు. సంజాయిషీ ఇస్తే గంట కొడతాను. చివర్లో విన్నది కాగితం మీద రాయాలి. ఏం చేస్తారు, ఎవరితో, ఏ తేదీన అన్నది రాసి సంతకం పెట్టాలి."

అది వినగానే నాకు దుర్బుద్ధి పుట్టింది. దాచడమెందుకు, చాలా ఉత్సాహంగానే పుట్టింది.

ముందు టెక్నీషియన్ లేచాడు. "స్లైడు తయారవకముందే నా భుజం మీంచి తొంగి చూస్తారు సార్. నా చేతులు వణుకుతాయి."

"చలి మిషను ముందు కూర్చుంటే వణకవా మరి" అన్నారు సారు. గంట మోగింది. "థాంక్స్" అన్నారు.

చిన్న డాక్టరమ్మ లేచి, "నాదేం లేదండీ, తర్వాత చెబుతాను" అని కూర్చుంది. నేను మనసులోనే నాలుగు చివాట్లు పెట్టి లేచాను.

"సారు కుడి చెవి వెనక బుడిపె ఉంది. నాలుగు నెలలైంది. మానుతుంది, మళ్లీ రక్తం కారుతుంది. అలాంటిదానితో ఎవరొచ్చినా సారు ఆ వారమే బల్ల ఎక్కిస్తారు. తాను మాత్రం కళ్లజోళ్లు మారుస్తున్నారు. మార్చుకోవలసింది అదండీ."

టెక్నీషియన్ మెడ సాచి సారు చెవి వెనక్కి చూశాడు. ఒకరి ఒంటి సంగతి ఇలా నలుగురిలో పెట్టడం తప్పే, నాకూ సిగ్గేసింది. కానీ గలీబు మీది చుక్కలు గుర్తొచ్చి కూర్చోకుండా నిలబడ్డాను.

"సిస్టర్, దీనికీ నాయకత్వానికీ..." గంట.

"కళ్లజోడు..." గంట.

"ఇది పూర్తిగా నా సొంత..." గంట. మాస్టారికి విషయం ఎంత అర్థమైందో గానీ, గంట కొట్టడం మాత్రం బాగా వచ్చు.

"థాంక్స్" అన్నారు సారు. ఆ మాటను అంత కోపంగా అనొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

కాగితం మీద ఇలా రాశారు: చెవి చూపించుకుంటాను, వేరే ఊళ్లో ఉన్న నా క్లాస్‌మేట్‌కి, వీలు చూసుకుని. మాస్టారు చదివి, "వీలు అనే తేదీ నా క్యాలెండర్‌లో లేదండీ. అయినా ఈ పని చేయగలవాళ్లు మీ దగ్గరే లేరా?" అని అడిగారు.

అందరం చిన్న డాక్టరమ్మ వైపు చూశాం. సారు నోరు తెరిచారు. మాస్టారి అరచెయ్యి గంట మీదికి లేచింది. సారు నోరు మూసుకున్నారు. అప్పుడు చిన్న డాక్టరమ్మ లేచింది.

"నేను చేస్తాను సార్. కానీ మధ్యలో కత్తి వెనక్కి అడక్కూడదు. నేను చెప్పాల్సిందీ ఇదే."

సారు రాసింది కొట్టేసి, ఆవిడ పేరూ, ఎల్లుండి తేదీ రాసి సంతకం పెట్టారు. వచ్చేటప్పుడు నేను మాస్టార్ని అడిగి గంట కిందికి తెచ్చుకున్నాను.

ఆ తేదీన ముక్క తీసి పరీక్షకు పంపితే నేననుకున్నదే అయింది. మరుసటి మంగళవారం సారు రోగి గౌను తొడుక్కుని, ఎడమవైపుకు తిరిగి, బల్ల మీద పడుకున్నారు.

"పై అంచుకు నీలం రంగు పెట్టడం మరిచి..." అన్నారు. గంట కొట్టాను.

చిన్న డాక్టరమ్మ సూది తీసుకుంది. చెవి వెనక చర్మం ఎముకను అంటిపెట్టుకుని ఉంటుంది, అక్కడ సూది దిగితే ఎలా ఉంటుందో నలిగిన నా వేళ్లు చెప్పాయి. పంతొమ్మిదేళ్లుగా కత్తెర కోసమే నా ముందుకు వచ్చిన చెయ్యి ఈసారి నా చేతిని వెతికి పట్టుకుంది.

"సిస్టర్, ఇది చీమ కాదు."

"తెలుసు సార్."

మొదటి పొర తీసి, కట్టు కట్టి, బయట కూర్చోబెట్టాం. పక్కన వాళ్లావిడ, ఒళ్లో రెండు కళ్లజోళ్లు. ఇటు పక్క మా బస్సు డ్రైవరు, ముక్కు చూపించుకోవడానికి వచ్చాడు.

"మీరూనా సార్? ఎన్నో రౌండు?"

"మొదటిది."

"నాకు నాలుగయ్యాయి. భయపడకండి, చీమ కుట్టినట్టుంటుంది" అని భుజం తట్టాడు. వాళ్లావిడ మొహం అటు తిప్పుకుని నవ్వింది.

మొదటి పొర కింది అంచున రోగం మిగిలింది. రెండోది తీశారు. ఆ స్లైడు చూసి చిన్న డాక్టరమ్మ బయటికొచ్చేసరికి ఆవిడ నడకలోనే సంగతి తెలిసిపోయింది.

"లోతున ఇంకా ఉంది సార్. మెత్తటి ఎముక మీది పొర తీయాలి."

"స్లైడు నేనొకసారి చూస్తాను" అన్నారు సారు, లేవబోతూ.

గంట నా చేతిలోనే ఉంది. కొట్టలేకపోయాను. ఆ మొహంలో మా సారు లేరు, భయపడ్డ మనిషి ఒకడున్నాడు. చిన్న డాక్టరమ్మ ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"స్లైడు నేను రెండుసార్లు చూశాను సార్."

"చెవి పోతుందా?" ఏ రోగి అయినా అడిగినట్టే అడిగారు.

"ఇంకో పొర తీస్తే తెలుస్తుంది. పోకుండా చూడ్డానికే తీస్తున్నాను. ఇంతకంటే ఇప్పుడు చెప్పలేను."

సారు కుర్చీలో వెనక్కి వాలారు. "థాంక్స్" అన్నారు. ఈసారి ఆ మాటలో కోపం లేదు.

మూడో పొర స్లైడు చూడ్డానికి ముప్పావు గంట పట్టింది. నేను ఇత్తడి గంటను జేబులో పడేసి, అక్కడున్న కుర్చీలన్నీ తుడిచాను, తుడవాల్సిన పని లేకపోయినా. తలుపు తెరుచుకుంది.

"అంచులు శుభ్రం సార్. లోతు కూడా" అంది చిన్న డాక్టరమ్మ. మూడేళ్లలో ఆ మాట ఆవిడ ఆయనకు చెప్పడం అదే మొదటిసారి. వాళ్లావిడ నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. చెవి దక్కింది, వెనక గుంట మిగిలింది. నాలుగు నెలల కిందట ఒక్క పొరతో పోయేది. ఆ మాట నేను అనలేదు, అనాల్సినంత అప్పటికే అన్నాను.

రెండు వారాలకు సారు పనిలోకి వచ్చారు. మొదటి రోగి ఒక పెద్దావిడ, కణత మీద మచ్చ. నేను స్టూలు వైపు కదిలేలోగా సారు కత్తులున్న ట్రే చిన్న డాక్టరమ్మ ముందుకు జరిపి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నొప్పి పెడుతుందా డాక్టరుగారూ?" అడిగింది పెద్దావిడ.

"పెడుతుందమ్మా. మొదటి సూది గట్టిగానే పెడుతుంది. తర్వాత ఉండదు. చెయ్యి ఇలా ఇవ్వండి."

సూది దిగింది. పెద్దావిడ పట్టు బిగించింది. సారు పెదవి కొరుక్కుని నా వైపు చూశారు.

"సిస్టర్, వీళ్లు ఇంత గట్టిగా పట్టుకుంటారా?"

"పంతొమ్మిదేళ్లుగా సార్."

ఆయన ఏదో చెప్పబోయారు. నా చెయ్యి జేబులోని గంట మీదికి పోయింది.

"థాంక్స్" అన్నారు, ఆ ఒక్క మాటే.