సగం చెప్పిన పాఠం

సాలమ్మకు కామేశ్వరి చెప్పాల్సినవి రెండు మాటలు. చెప్పింది ఒకటే. రెండోది చెప్పడానికి అర నిమిషం కూడా పట్టేది కాదు. ఆ అర నిమిషం తలుచుకుని ఆ పిల్ల ఇప్పటికీ నొచ్చుకుంటుంది. నొచ్చుకోవాల్సిందే మరి.

అది రెండువేల ఏడు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే రోడ్డు మీద, ద్రాక్షతోటలు కొట్టేసిన నేలలో ఓ ప్రైవేటు మెడికల్ కాలేజీ, దాని పక్కనే ఆసుపత్రి అప్పటికే లేచాయి. కామేశ్వరి అక్కడ రెస్పిరేటరీ థెరపీ కోర్సు రెండో ఏడు చదువుతోంది. ఎంసెట్‌లో డాక్టరు సీటుకు ర్యాంకు రాకపోతే ఇందులో చేరింది. వాళ్ల నాన్న రాజారావు కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి, కౌకూర్‌లో ఇల్లు కట్టుకుని ఉండిపోయిన ఉద్యోగస్తుడు. "మీ అమ్మాయి ఏం చదువుతోందండీ?" అని కాలనీలో ఎవరైనా అడిగితే "మెడికల్ లైనేనండీ" అనేసి మాట మార్చేవాడు. ఊపిరి ఆడనివాళ్లకు ఊపిరి ఆడేలా చూడటం కూడా ఒక చదువేనంటే ఆయనకు నమ్మబుద్ధి అయ్యేది కాదు.

వాళ్లకు ఆ చదువు చెప్పే శేషారత్నం మేడమ్‌ది నోరు కాదు, మిరపకాయ. మొదటి రోజే పిల్లలందరి చేతుల్లో తలా ఒక కూల్‌డ్రింక్ స్ట్రా పెట్టి, ముక్కు మూసుకుని ఆ స్ట్రాలోంచే గాలి పీలుస్తూ మూడంతస్తులు ఎక్కమంది. రెండో అంతస్తులోనే కామేశ్వరి స్ట్రా ఉమ్మేసి గోడకు చేరగిలబడింది.

"నువ్వు ఉమ్మేశావు. వార్డులో ఉన్నవాడికి ఉమ్మేసే వీలుండదు. అది గుర్తుపెట్టుకో" అంది మేడమ్.

గుర్తుపెట్టుకుంది. రోగులంటే ఆమెకు జాలి పుట్టింది ఆ మెట్ల మీదే. పాఠాలన్నీ ఒళ్లు దగ్గర పెట్టుకుని నేర్చుకుంది, రోగుల పక్కన కూర్చున్న ఆడవాళ్లతో నవ్వుతూ మాట్లాడింది. వార్డంతా ఆమెను మంచి పిల్ల అనుకున్నారు. మంచి పిల్లలు చేసే తప్పులు ఎవరికీ కనపడవు, అదే పెద్ద కష్టం.

ఆ వార్డులో రోగి గండయ్యది గుండ్లపోచంపల్లి. హైవే పక్కనున్న ఆయన చేలల్లో ఇప్పుడు గోదాములు నిలబడి ఉన్నాయి. నలభై ఏళ్లు కాల్చిన చుట్టల పొగ మాత్రం ఛాతీలోనే ఉండిపోయింది. మంచం మీద ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, పెదాలు ముడిచి, ఒక్కో ఊపిరినీ బావిలోంచి చేదినట్టు పైకి లాక్కునేవాడు. పడుకుంటే గాలి ఆడదు. మూడు రోజులుగా ఆయన కన్ను మూయలేదు, పక్కనే నేలమీద కూర్చున్న ఆయన భార్య సాలమ్మా మూయలేదు.

ఇలాంటి రోగుల గురించి మేడమ్ ఒక పాఠాన్ని పదిసార్లు చెప్పించుకుంది. వేలికి క్లిప్పు తగిలించి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే డబ్బా మీద అంకె ఎనభై ఎనిమిదికి తగ్గకూడదు, తొంభై రెండు దాటకూడదు. బయటికి పోకుండా లోపలే మిగిలే చెడుగాలికి ఏళ్ల తరబడి అలవాటుపడిన ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ పెడితే లోపల చెడుగాలి ఇంకా పేరుకుంటుంది. మనిషికి మత్తు కమ్ముతుంది. ఆయాసం తగ్గి హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటాడు, ఆ నిద్రలోంచి లేవడు.

"అందుకే గోడ మీద ఆక్సిజన్ నాబ్ తిప్పాల్సింది మనం. చుట్టాలు అసలు తిప్పకూడదు" అనేది మేడమ్.

అనడం వరకే. ముప్ఫై మంచాలకు ఒక్క నర్సు ఉన్న చోట పాలు పట్టేది, ఒళ్లు తుడిచేది, సెలైన్ అయిపోతోందని కేకేసేది చుట్టాలే. వాళ్లు చూస్తూ చూస్తూ అన్నీ నేర్చుకుంటారు. మూడు రోజులుగా సాలమ్మా చూస్తోంది. అంకె తగ్గుతుంది. ఈ పిల్ల వచ్చి గోడ మీది నాబ్ ఒక పిసరు తిప్పుతుంది. ఆక్సిజన్ ఎంత పోతోందో చూపే గాజుగొట్టంలో గోలీ కొంచెం పైకి లేస్తుంది. అంకె పెరుగుతుంది. ముసలోడి మొహం తేటపడుతుంది.

ఆ రోజు కాలేజీ గుర్తింపు కోసం ఢిల్లీ నుంచి తనిఖీ వాళ్లు వచ్చారు. మంచాలన్నీ నిండుగా కనపడాలని కాలేజీ బస్సులు పొద్దున్నే ఊళ్లమీద పడి, రోగం ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ ఎక్కించుకొచ్చాయి. నిన్నటిదాకా నాట్లు వేసిన ఆడవాళ్లు ఆసుపత్రి గౌన్లు తొడుక్కుని, మధ్యాహ్నం పెడతామన్న బిర్యానీ గురించి మాట్లాడుకుంటూ పడుకున్నారు. పన్నెండు గంటలకు స్టాఫ్‌నూ విద్యార్థులనూ తలలు లెక్కపెట్టడానికి హాల్లోకి రమ్మన్నారు. నిజంగా రోగంతో ఉన్న గండయ్య దగ్గర సాలమ్మ ఒక్కతే మిగిలింది.

వెళ్లబోతూ కామేశ్వరి ఆగింది. పాపం, ఆగకుండా వెళ్లిపోయినా బాగుండేది.

"అవ్వా, ఈ అంకెలు చదవడం వచ్చా?"

"అంకెలెందుకు రావు బిడ్డా? పాలకేంద్రంల పాలు వోసినదాన్నే గద."

"ఇది ఎనభై ఎనిమిది కంటే తగ్గితే నన్ను పిలు. ఆ చివర హాల్లో ఉంటాను."

"తగ్గితే పిలవాలె. గట్లనే. నువ్వు వో."

తగ్గితే ఏం చేయాలో చెప్పింది. పెరిగితే ఏమవుతుందో చెప్పలేదు. నాబ్ ముట్టుకోవద్దనీ చెప్పలేదు. గుమ్మంలోంచి ఎవరో పేరు పెట్టి కేకేస్తే పరుగెత్తింది.

హాల్లో రెండు గంటలు పట్టింది. ఈలోగా అంకె ఎనభై ఆరుకు పడింది. సాలమ్మ లేచి కామేశ్వరి కోసం వరండా చివరిదాకా వెళ్లింది. హాలు తలుపు దగ్గరున్న వాచ్‌మన్ "సార్లున్నరు, లోపలికి వోవద్దు" అని వెనక్కి పంపేశాడు. తిరిగొచ్చేసరికి ముసలోడు నోరు తెరిచి గాలికోసం కొట్టుకుంటున్నాడు. ఆమె దేవుణ్ని తలుచుకుని నాబ్ తిప్పింది. గోలీ లేచింది. తొంభై. ఇంకొంచెం తిప్పింది. తొంభై నాలుగు. భయం పోయింది. గోలీ గొట్టం అంచుకు తగిలేదాకా తిప్పింది.

కామేశ్వరి వార్డులోకి వచ్చేసరికి సాలమ్మ వేలు పెదాల మీద పెట్టుకుని ఎదురొచ్చింది.

"సప్పుడు జెయ్యకు బిడ్డా. మూడు దినాలకు ఇగ ఇప్పుడు కన్నంటుకున్నది. నూరొచ్చింది సూడు. నూటికి నూరు!"

గండయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మూడు రోజులుగా ఒరగడానికి కూడా భయపడిన మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. డబ్బా మీద నూరు. ఒక్కసారిగా మూసేయకూడదన్నది గుర్తుండి కామేశ్వరి నాబ్ కొంచెం కొంచెంగా తగ్గించింది. భుజం పట్టుకుని కుదిపింది. "తాతా! తాతా!" అని అరిచింది. చెవి తమ్మె గట్టిగా గిల్లింది. ఆయన కనురెప్ప కూడా కదల్లేదు.

"గదేంది బిడ్డా? పండుకున్నోన్ని ఎందుకు లేపుతున్నవ్?" అంది సాలమ్మ చిన్నబుచ్చుకుని.

కామేశ్వరి ఊపిరి అందించే రబ్బరు బ్యాగ్ అందుకుని, ఆయన ముక్కూ నోటి మీద పెట్టి నొక్కుతూ గాలి కొట్టింది. డాక్టర్లు వచ్చారు, గొంతులో గొట్టం వేశారు, ఐసీయూలో మిషన్ పెట్టారు. మర్నాడు పొద్దున గండయ్య పోయాడు.

జరిగిందంతా కామేశ్వరి మేడమ్‌కు దాచకుండా చెప్పింది. మేడమ్ తిడుతుందని చూసింది. తిడితే బాగుండుననిపించింది.

"ఆవిడకు చెప్పావా?" అని మాత్రం అడిగింది మేడమ్.

"ఎలా చెప్పమంటారు మేడమ్? నీ చేత్తోనే అయిందని ఎలా చెప్పను?"

మేడమ్ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. ఇద్దరూ ఆ విషయం అక్కడే వదిలేశారు. వదిలేసినందుకు ఇద్దరికీ తేలిగ్గానే అనిపించింది, సిగ్గుగా కూడా.

శవాన్ని బండి ఎక్కించేటప్పుడు సాలమ్మ వెతుక్కుంటూ వచ్చి కామేశ్వరి రెండు చేతులూ పట్టుకుంది. "నీ పుణ్యాన బిడ్డా, ఆఖరుకు ఆయాసం లేకుండ పండుకున్నడు. నువ్వు సూపియ్యకపోతే గదీ లేకపోవు" అంది. కామేశ్వరి తల ఊపింది. అప్పుడైనా నోరు తెరవాల్సింది.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కామేశ్వరి కేసు షీట్లు పట్టుకుని వార్డులోకి వచ్చింది. గండయ్య ఉన్న మంచానికి రెండు మంచాల అవతల కొత్త రోగి. పేరు ముత్తయ్య, సాలమ్మ సొంత తమ్ముడు. జీడిమెట్లలో రసాయనాల కంపెనీలో ఇరవై ఏళ్లు పనిచేసి, చుట్టలు కూడా కాల్చినవాడు. అదే ఆయాసం, అదే వంగి కూర్చోవడం. ఆయన భార్య పద్మమ్మ బెదిరిపోయి మంచం కోడు పట్టుకుని నిలబడింది. గోడ దగ్గర సాలమ్మ. ఆమె చెయ్యి నాబ్ మీద ఉంది.

"పరేషాన్ గాకు పద్మమ్మా. గిట్ల దిప్పు. గా గోలీ పైకి వోవాలె. నూరు అచ్చేదాక తిప్పు. మా ముసలోనికి గిట్లనే జేసిన, సల్లగ పండుకున్నడు."

డబ్బా మీద తొంభై అయిదు. చూస్తుండగానే తొంభై ఆరు.

కామేశ్వరి చేతిలో కాగితాలు పడిపోయాయి. పరుగెత్తి సాలమ్మ మణికట్టు పట్టుకుంది. నాబ్ వెనక్కి తిప్పి, అంకె తొంభైకి దిగేదాకా దాన్నే చూస్తూ నిలబడింది.

"ఏమాయె బిడ్డా? నువ్వే గద సూపిచ్చినవ్?"

ఇక దాటెయ్యడానికి లేదు. దాటేస్తే రేపు పద్మమ్మ తిప్పుతుంది, ఎల్లుండి పద్మమ్మ నేర్పిన ఇంకొకరు తిప్పుతారు.

"తొంభై రెండు దాటకూడదవ్వా. నూరు అసలు రాకూడదు. ఈ రోగం ఉన్నవాళ్లకు గాలి ఎక్కువైతే మత్తొస్తుంది. నిద్ర అనుకుంటాం. నిద్ర కాదు. లేవరు."

రెండో మాట అదే. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

సాలమ్మ పెదాలు కదులుతున్నాయి, లెక్క చూసుకుంటున్నట్టు.

"గా దినం నూరుండె గద" అంది చివరికి.

"ఉండె అవ్వా."

"నేనే గద తిప్పింది."

"తప్పు నాదవ్వా. నీకు నేను సగమే చెప్పాను. తర్వాత కూడా చెప్పలేదు. నాదే తప్పు." కామేశ్వరి ఏడుస్తోంది. వార్డులో అందరూ చూస్తున్నారని తెలిసినా ఆపుకోలేదు.

సాలమ్మ ఆమెను తిట్టలేదు, ఓదార్చలేదు. తన కుడిచెయ్యి ఒకసారి తిప్పి చూసుకుంది. తర్వాత గోడకు దూరంగా జరిగి, తమ్ముడి మంచం పక్కన నేలమీద కూర్చుని, ఆ చేతిని కొంగులో చుట్టుకుంది.

కాసేపటికి ముత్తయ్య ఆయాసపడుతూనే అక్క వైపు చూశాడు. "అక్కా, జర నీళ్లియ్యి" అన్నాడు.

నీళ్ల చెంబు సాలమ్మ పక్కనే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. ఆమె దాని వైపు చూసింది కానీ కొంగులోంచి చెయ్యి తియ్యలేదు.

"నువ్వియ్యి పద్మమ్మా. నేను ముట్ట" అంది.