అంచు దగ్గర పోయిన మెరుపు

పాలిష్ మెషిన్ ఫోమ్ ప్యాడ్లు ఉతకడం పాప బట్టలు ఉతికినట్టే. మెలిపెట్టి పిండకూడదు, లోపల చిరిగిపోతాయి. సబ్బునీళ్ళలో ముంచి అరచేత్తో నొక్కి వదులుతుంటే నల్లనీళ్ళు దిగుతూనే ఉంటాయి. ప్యాడ్లకో బకెట్, పాప బట్టలకో బకెట్ వేరుగా పెట్టుకున్నాను. అయినా పాప వీపు మీద చిన్న పొక్కు కనిపిస్తే చాలు, ఎప్పుడైనా బకెట్లు మార్చేశానేమోనని గుండె జారిపోతుంది. నేను తల్లినయ్యాక నేర్చుకున్న మొదటి పని భయపడటం.

మా ఆయనది కారు సామాన్లకి పాలిష్ పెట్టే షాపు. వీధి చివరే. అక్కడ మోటు పనంతా అక్క చేస్తుంది. అక్కంటే చుట్టం కాదు, షాపులో జీతానికి పనిచేసే ఆవిడ. నాజూకు పని, అంటే హ్యాండిళ్ళు, జాలీలు, క్రోమ్ బంపర్లు, గోనెపట్టాలో చుట్టి మా పెరట్లోకి వస్తాయి. "నీకు ఖాళీయేగా" అని మొదటిసారి మెషిన్ తెచ్చిపెట్టారు ఆయన. షాపుకొచ్చేవాళ్ళకి మాత్రం అన్నీ అక్క చేతి పనేనని చెబుతారు. "ఇంట్లో ఆడవాళ్ళు చేస్తున్నారంటే ఎవరిస్తారే బళ్ళు?" అన్నారోసారి. అత్తయ్య కూడా పక్కింటావిడతో, "మా కోడలితో పూచికపుల్ల కూడా తీయించం" అంటుంది, నేను గోడవతల ముక్కుకి గుడ్డ కట్టుకుని పాలిష్ పడుతుండగానే.

మెషిన్ పట్టుకోవడం నేర్పింది అక్కే. "అంచు మీద నిలపకు చెల్లీ. అంచు దగ్గర క్రోమ్ ఉల్లిపొరంత ఉంటుంది. నడిపిస్తూనే ఉండాలి" అని నా చేతుల మీద చేతులు వేసి చూపించింది.

మంగళవారం మా ఊరి బడి మాస్టారి పాత కారు బంపర్ వచ్చింది. పాపకి మెషిన్ రొద జోలపాట. నడుస్తున్నంతసేపూ పడుకుంటుంది, ఆపితే లేచి కూర్చుంటుంది. ఆ మధ్యాహ్నం ఉయ్యాల్లో పొలమారినట్టు దగ్గింది. మెషిన్ ఆపితే పూర్తిగా లేచిపోతుందని ఆపకుండానే మెడ తిప్పి చూశాను. ఊపిరి సరిగ్గా ఆడుతోందా, దుప్పటి మూతి మీద పడిందా అని చూస్తూ ఉండిపోయాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి ప్యాడ్ అంచు మీదే తిరుగుతోంది. బొటనవేలి గోరంత మేర క్రోమ్ లేచిపోయి, కింద పసుపురంగు కనిపిస్తోంది. పిచ్చిదానిలా పేస్ట్ రాసి రుద్దాను. పోయిన పొర రుద్దితే వస్తుందా? గోనెపట్టాలో చుట్టి, ఆ పసుపు మరక లోపలివైపు పెట్టి పంపించేశాను.

మర్నాడు మా ఆయన భోజనానికొచ్చి కంచం ముందు కూర్చుంటూనే అన్నారు. "అక్క కొంప ముంచింది. ఆఖరి తుడుపు తుడవమంటే బంపర్ అంచు తినేసింది. అడిగితే మెత్తగుడ్డతో తుడిచానంతే అంటుంది. నువ్వు పంపినప్పుడు బాగానే ఉందిగా?"

చేతిలో గరిటె ఉంది. "ఊఁ" అన్నాను.

"ఇవాళ్టితో ఆఖరని చెప్పేశా. నాలుగింటికి మాస్టారొస్తారు. ఆయన ముందు ఆవిడతోనే తప్పయిందని చెప్పిస్తా."

"ధ్యాసంతా ఎక్కడో ఉంటుంది ఆవిడకి" అంది అత్తయ్య, ఇంకొంచెం వడ్డించమని కంచం జరుపుతూ.

ఆ "ఊఁ" తిట్లకి భయపడి అన్నది కాదు. తిట్లు నాకు కొత్తా? నిజం చెబితే మెషిన్ పట్టుకెళ్ళిపోతారని. తొమ్మిదో తరగతిలో చదువు మాన్పించాక నా చేతికి వచ్చిన విద్య ఇదొక్కటే. మసిపట్టిన రేకులో మెల్లగా నా మొహం తేలుతుంటే, ఆ కాసేపే నేనెవరి కోడలినీ కాదు. దానికోసం, నా చేతులు పట్టుకుని నేర్పించినావిడ పొట్టకొట్టడానికి సిద్ధపడ్డాను. పాప పాలు తాగుతూ నా మొహంలోకే చూస్తుంటే తట్టుకోలేక కొంగు కప్పేశాను.

నాలుగింటికి ఇంకా పది నిమిషాలుండగా పాపనెత్తుకుని బయల్దేరాను. "ఎక్కడికే?" అంది అత్తయ్య. "షాపుకి" అన్నాను.

మాస్టారు అప్పటికే వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. అక్క గోడవారగా, భుజానికి సంచీ తగిలించుకుని నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అది అక్క చెయ్యలేదండీ. నేను చేశాను" అన్నాను మాస్టారితో.

మా ఆయన నవ్వేశారు. "మా ఆవిడకి జాలెక్కువ సార్. దానికి మెషిన్ ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు."

ఆయన అలా అంటారని నేననుకోలేదు. తప్పు నాదని నమ్మించడానికి కూడా నాకు సాక్ష్యం లేదు. పాపని అక్క చేతికిచ్చాను. బల్ల మీదున్న మెషిన్‌కి మెత్తటి నల్లప్యాడ్ తగిలించి, నాలుగు చుక్కల పేస్ట్ పెట్టి, బంపర్ రెండో కొస మీద ఆన్ చేశాను. అంచు తగలకుండా, ఎక్కడా నిలపకుండా జానెడు మేర నడిపి, గుడ్డతో తుడిచాను. మాస్టారు స్టూలు మీంచి లేచి వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"పాపకి దగ్గొస్తే అటు తిరిగానండీ. అప్పుడు పోయింది. మధ్యాహ్నం ఈయన అడిగితే అబద్ధం చెప్పాను" అన్నాను. అక్క వైపు చూడలేకపోయాను.

"మరి ఈవిణ్ణెందుకయ్యా పంపించేస్తున్నావు?" అన్నారు మాస్టారు.

మా ఆయన నన్ను చూడకుండా, "అక్కా, సంచీ లోపల పెట్టు" అన్నారు.

అక్క వెంటనే కదల్లేదు. పాపని నా చంకకెత్తి, "నిన్ననే చెప్పి ఉండాల్సింది" అని మెల్లగా అని, అప్పుడు వెళ్ళింది.

మాస్టారు నా వైపు తిరిగారు. "పోయినేడు నా కారు చక్రాలు చేసిచ్చారు. అద్దాల్లా ఉన్నాయని అందరికీ చూపించుకున్నాను. అవి ఎవరు చేశారమ్మా?"

మా ఆయన కళ్ళతోనే వద్దన్నారు.

బంపర్ పాడుచేశానని చెప్పేటప్పుడు వణకని గొంతు, "అవీ నేనేనండి" అనేటప్పుడు వణికింది.